నెలకి ఎన్ని చదువుతారు, ఎలా ప్లాన్ చేసుకుంటారు? క్వీర్ ఫిక్షన్ ఎక్కువ చదివేవాళ్ళు ఒకసారి రండి

రాత్రిచదువు:

అందరికీ హాయ్. ఇక్కడ ఎప్పట్నుంచో చదువుతూనే ఉన్నా గానీ నా అంతట నేను పోస్ట్ పెట్టడం తక్కువ, కొంచెం పొడుగైతే ఓపిక పట్టండి.

నేను నెలకి ఐదారు పుస్తకాలు చదువుతా. ఆఫీసులో రిలీజ్ పడ్డ నెలైతే ఒకటో రెండో, అది వేరే ఏడుపు. చదివేవాట్లో సగం పైనే క్వీర్ ఫిక్షన్, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల కథలు. కాలేజీ రోజుల్లో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద జేమ్స్ బాల్డ్విన్ జొవానీస్ రూమ్ దొరికింది, వెనక అట్ట చిరిగిపోయింది కాబట్టి కథేంటో తెలీదు, లోపల పారిస్ అని కనపడితే తీసుకున్నా. ఇక అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి. అందులో గది ఒకటుంది చూడండి, జొవానీ ఆ గోడలో పుస్తకాల అలమర కడదామని తవ్వడం మొదలుపెడతాడు, ఇటుక దాకా వచ్చాక పని అక్కడే ఆగిపోతుంది, ఆ పెళ్ళల మధ్యే జొవానీ, డేవిడ్ ఇద్దరూ కాపురం. డేవిడ్ ఎందుకు పారిపోతాడో రచయిత పేజీలకి పేజీలు చెప్పక్కర్లేదు, ఆ గోడ చూస్తే చాలు.

సరే, నా పద్ధతి ఏంటంటే నెల మొదట్లో ఒక పాతది పెట్టుకుంటా, అంటే మా అమ్మ పుట్టకముందు వచ్చినది, తర్వాత మన వైపుది ఒకటి, అంటే ఇండియా శ్రీలంక పాకిస్తాన్ ఏదైనా, తర్వాత బుర్ర పెట్టక్కర్లేని సరదా రొమాన్స్ ఒకటి, మిగతావి మూడ్‌ని బట్టి. ఒక నోట్‌బుక్‌లో పేరు, ఎప్పుడు వచ్చింది, ముగింపు ఎలా ఉంది, మళ్ళీ చదువుతానా లేదా, ఇంతే రాసుకుంటా. యాప్‌లో స్టార్లు ఇచ్చే ఓపిక లేదు.

ప్రాబ్లం ఎక్కడొచ్చిందంటే ఈ జూన్‌లో. క్వీర్ వాళ్ళ ప్రైడ్ మంత్ కదా అని మొత్తం అవే పెట్టుకున్నా, మూడో వారానికి నీరసం వచ్చేసింది నిజంగా. నోట్‌బుక్‌లో ముగింపు కాలమ్ చూస్తే ఒకడు చచ్చిపోయాడు, ఒకడికి పెళ్ళి చేసేశారు, ఒకమ్మాయి ఊరొదిలి పోయింది, ఇంకొకడు చచ్చిపోయాడు. మంచి పుస్తకాలే అన్నీ, అందులో మాట లేదు. కానీ వరసగా అన్ని చావులు చదివాక సోమవారం స్టాండప్ కాల్‌లో కూర్చుని బగ్‌ల గురించి మాట్లాడ్డం నా వల్ల కాలేదు.

కాబట్టి నా డౌట్, మీరు నెలకి ఎలా కలిపి చదువుతారు? బరువైనవి ఎంత గ్యాప్ ఇచ్చి? ముగింపు బాగుండి, అలాగని తేలిపోకుండా ఉండే పుస్తకాలు ఏమైనా ఉంటే చెప్పండి. తెలుగులో, పక్క భాషల్లో ఉన్నవి అయితే ఇంకా సంతోషం. నేను ఎవరు ఏంటి అన్న ఎంక్వైరీలు మాత్రం వద్దు ప్లీజ్, పుస్తకాల గురించి మాట్లాడుకుందాం.


కోఠీ_పాతపుస్తకం:

అక్కా, ఏదైనా గంతే, ఒక్క నెలంత ఒక్క తీరువే చదివితె మొఖం మొత్తుతది. క్వీర్ నవలలనే కాదు, నేను ఒకసారి దసరా సెలవులల్ల వరుసవెట్టి పార్టిషన్ కథలే చదివిన, పండుగ పండుగలెక్కనే అనిపియ్యలె.

నా సలహా ఏందంటె నవలల నడుమ కథలు పెట్టు. ఒక కథ అంటె ఒక రాత్రి పని, మనసుకు వట్టినా పొద్దుగాల్లకు తేరుకుంటం. వసుధేంద్ర రాసిన మోహనస్వామి కథలు చదివినవా? కన్నడల 2013ల వచ్చింది, రష్మీ తెర్దాల్ ఇంగ్లీషు చేసింది. ఆయనది బళ్ళారి దిక్కు సండూరు, సాఫ్ట్‌వేర్ల పని చేసిండు, అంటె నీ స్టాండప్ కాల్ బాధ ఆయనకు మస్తు ఎరుకే. అన్ని కథలల్ల మోహనస్వామే ఉండడు గని ఉన్న కథలల్ల మనకు తెల్సిన పిలగాడే అనిపిస్తది. సైకిల్ కథ ఒకటున్నది, సైకిల్ తొక్కుడు వస్తె తను గూడ అందరు మొగపిల్లలలెక్క అయితనని వాని ఆశ. నవ్వొస్తది, ఎంటనే గొంతుల ఏదో అడ్డం వడ్డట్టయితది. ఆఖరుకు కిలిమంజారో ఎక్కే కథ ఉన్నది, చావు గీవు ఏం లేదు, ఆ ఒక్క కథ కోసమన్న చదువు. ఇంగొక మాట, ఆ పుస్తకం వచ్చిన 2013 డిసెంబర్లనే స్వలింగ సంబంధం నేరమనే 377 సెక్షన్‌ను సుప్రీంకోర్టు మళ్ళ నిలవెట్టింది. గసుంటి టైంల తన పేరు మీదనే రాసి, తను గేనని బయటికి చెప్పుడంటె మామూలు ధైర్యం గాదు.

ఇంగ ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూ కథ లిహాఫ్ ఎట్లైన చదివే ఉంటవ్. చదవకుంటె ఇయ్యాల్నే చదువు, అరగంట పని.


గోదారిగట్టు:

రాత్రిచదువు గారూ, మీ నోట్‌బుక్‌లో ముగింపు కాలమ్ పక్కనే ఏ సంవత్సరంలో వచ్చిందో కూడా రాస్తున్నానన్నారు కదా, ఆ రెండూ కలిపి చూడండి ఒకసారి, మీ జవాబు అక్కడే ఉంది. ఆ చావులన్నీ రచయితల సరదా కాదండీ, పాత పుస్తకాల్లో అయితే చాలావరకు చట్టం, పబ్లిషర్ల భయం కలిసి రాయించినవి. 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన ద వెల్ ఆఫ్ లోన్లీనెస్ అంతా కష్టాల కథే, ఎక్కడా బూతు ముక్క కనపడదు, అయినా సరే లండన్ కోర్టు అసభ్యం అని తేల్చి కాపీలు నాశనం చెయ్యమంది. ఏడుస్తూ రాసినదానికే అలా జరిగితే ఇంక నవ్వుతూ రాసేదెవరు?

ఇ.ఎం. ఫోర్‌స్టర్ సంగతి చూడండి. మోరిస్ నవల 1913, 14 ప్రాంతంలోనే రాసేశాడు. ఇద్దరు మగవాళ్ళు చివర్లో కలిసే ఉండాలి, సుఖంగానే ఉండాలి అని పట్టుబట్టి రాశాడు, అందుకే అచ్చు వెయ్యలేదు. చివర్లో ఉరో, జంట ఆత్మహత్యో రాసుంటే వేసుకోవడం తేలికయ్యేదని తర్వాత ఆయనే అన్నాడు. టైపు కాపీలు స్నేహితుల చేతుల్లో తిరిగాయి అంతే, మధ్యమధ్యలో తీసి దిద్దుకునేవాడు. 1967లో ఇంగ్లండ్‌లో చట్టం కొంత సడలించారు, అప్పటికి ఆయన బతికే ఉన్నాడు, అయినా బయటపెట్టలేదు. 1970లో పోయాడు, 1971లో పుస్తకం వచ్చింది. మన దగ్గర 377 ఆ దొరలు వేసిపెట్టి వెళ్ళిందే కదా, వాళ్ళు దించుకున్న యాభై ఏళ్ళకి గానీ మనం దించలేదు, 2018 సెప్టెంబర్ 6న.

మీరు అడిగిన రకానికి నా ఓటు ప్యాట్రీషియా హైస్మిత్ ద ప్రైస్ ఆఫ్ సాల్ట్‌కి. 1952లో వచ్చింది, క్లేర్ మోర్గన్ అని దొంగపేరుతో. అప్పటికే ఆవిడ మొదటి నవలని హిచ్‌కాక్ సినిమా తీసేశాడు, సస్పెన్స్ రచయిత్రి అని పేరొచ్చింది, దీంతో ఆ పేరు పోతుందని భయం. ఆవిడ న్యూయార్క్‌లో పెద్ద షాపులో బొమ్మల కౌంటర్ దగ్గర పండగ సీజన్‌కి పనిచేసింది, బొచ్చు కోటు వేసుకున్న ఒకావిడ వచ్చి బొమ్మ ఆర్డర్ ఇచ్చి వెళ్ళింది, ఆ రెండు నిమిషాలు పట్టుకుని ఒక షాపు పిల్లకీ, పెళ్ళై కూతురున్న కరోల్‌కీ మధ్య ప్రేమకథగా నవల అల్లేసింది. అలాగని తేలిపోయే కథ కాదు, కూతురి విషయంలో కరోల్‌కి పడే దెబ్బ చిన్నది కాదు. కానీ చివరి పేజీలో ఎవరూ చావరు, ఎవరూ వెనక్కి పోయి మొగుడి కాళ్ళ మీద పడరు. పేపర్‌బ్యాక్ వచ్చాక ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఉత్తరాలు రాశారట కుప్పలుగా, మా లాంటి వాళ్ళ కథ ఇలా ముగియడం మొదటిసారి చూశాం అని. 1990లో గానీ సొంత పేరు వేసుకోలేదు ఆవిడ.

ఇంక ప్లానింగ్ అంటారా, నేను నెలల లెక్క పెట్టుకోను. జంటలుగా చదువుతా. ఒక ఏడుపుగొట్టుది అయ్యాక వెంటనే అదే కాలంలోది, ముగింపు వేరేగా ఉన్నది ఒకటి. మీ జొవానీస్ రూమ్ 1956ది, హైస్మిత్‌ది 1952ది, పక్కపక్కన పెట్టి చూడండి మజా ఉంటుంది. బాల్డ్విన్‌కీ తిప్పలేనండోయ్, నల్లజాతి రచయిత అయ్యుండి మొత్తం తెల్లవాళ్ళ పాత్రలతో, పైగా ఈ కథ రాస్తే మొదటి నవల వేసిన పబ్లిషరే వద్దన్నాడు.


జస్ట్_చూస్తున్నా:

ఏమనుకోవద్దు, గొడవకి రాలేదు, నిజంగానే అడుగుతున్నా. మంచి సాహిత్యం అయితే చాలు కదా, ఇదే అని గిరి గీసుకుని ఎందుకు చదవడం? నేను అన్నీ చదువుతా, అందులో ఇలాంటివి వస్తే వస్తాయి, లేకపోతే లేదు.


రాత్రిచదువు:

జస్ట్_చూస్తున్నా గారూ, నేనేమీ అనుకోలేదు. కానీ మీరు నెలంతా డిటెక్టివ్ నవలలు చదివాను అని పోస్ట్ పెడితే ఏమంటారు జనం, భలే, ఇంకో రెండు పేర్లు చెప్పండి అంటారు, హంతకుల మీద ఎందుకంత ఇంట్రెస్ట్ అని అడగరుగా! ఇంకోటి, వస్తే వస్తాయి అన్నారు చూడండి, అవి వాటంతట అవి రావండీ. స్కూల్ పుస్తకంలో రాలేదు, ఇంట్లో బీరువాలో లేవు, లైబ్రరీలో ఎవరూ చేతికివ్వలేదు. వెతికితేనే దొరికాయి.

కోఠీ తమ్ముడూ, లిహాఫ్ చదివాను. చిన్నపిల్ల చెప్పడమే దాని బలం, రాత్రి గోడ మీద రజాయి నీడ ఏనుగులా ఊగుతుంటే ఆ పిల్లకి భయం, మనకేమో బేగంకీ పనిమనిషికీ మధ్య అసలు విషయం తెలిసిపోతూ ఉంటుంది. మోహనస్వామి ఆర్డర్ పెట్టేశా.

గోదారిగట్టు గారూ, మీరు చెప్పినట్టే నోట్‌బుక్ తీసి చూశా. జూన్‌లో ఏడిపించినవాట్లో ఎక్కువ పాతవే, కానీ అన్నీ కాదు, ఈమధ్య వచ్చినవీ ఉన్నాయి మరి. వాటికి కోర్టు భయం లేదుగా, వాళ్ళెందుకు చంపుతున్నట్టు?


డాలస్_పిన్ని:

నాకు యాభై దాటాయి తల్లీ, ఈ పేజీలో అందరికంటే నేనే పెద్దదాన్నేమో. మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పుడు హార్ట్‌స్టాపర్ అని బొమ్మల పుస్తకం పట్టుకుని వదిలేది కాదు, ఏముందే అందులో అని తీసుకుని ఒక శనివారం కూర్చున్నా, సాయంత్రానికి రెండో భాగం ఎక్కడే అని దాన్నే అడిగా. ఆలిస్ ఓస్మన్ మొదట వెబ్‌కామిక్‌గా పెట్టుకుందట 2016లో. బడిలో ఇద్దరు కుర్రాళ్ళు, ఒకడు రగ్బీ ఆడతాడు, ఒకడు నెమ్మదస్తుడు, ఆ రగ్బీ వాడు వాళ్ళమ్మకి చెప్పే ఘట్టం దగ్గర మాత్రం నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చా. నువ్వడిగిన బుర్ర పెట్టక్కర్లేనివి అంటే ఇవే, కానీ తేలిక అని చులకన చెయ్యకు.

ఇక నా నెల ప్లాన్ నా చేతిలో ఉండదు, లైబ్రరీ చేతిలో ఉంటుంది. లిబ్బీ అనే లైబ్రరీ యాప్‌లో హోల్డ్ పెడతా, అంటే నా వంతు కోసం వరసలో ఉంటా, నెలలు నెలలు ఒక్కటీ రాదు, ఆనక ఒకే వారంలో నాలుగూ ఊడిపడతాయి, మూడు వారాల్లో తిరిగి పోతాయి. అప్పుడు ఆయనకి రెండు పూటలా ఉప్మానే. అయినా దొరకడమే గొప్ప ఈ రోజుల్లో. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఏటా ఒక లిస్ట్ ఇస్తుంది, ఏ పుస్తకాన్ని తీసెయ్యమని ఎక్కువమంది గోల చేశారు అని, 2021, 22, 23 మూడేళ్ళూ వరసగా జెండర్ క్వీర్ అనే పుస్తకమే మొదటి స్థానం. అది నవల కాదు, మయా కొబాబే అనే ఆర్టిస్ట్ తన జీవితం బొమ్మల్లో గీసింది. ఏదైనా పుస్తకం తీసెయ్యాలని ఎవరైనా అంటే ముందు దానికి హోల్డ్ పెట్టడం నాకు అలవాటైపోయింది. అదీ ఒక రకం లిస్టే.

ఇప్పటివాళ్ళు ఎందుకు చంపుతున్నారు అన్నావు. అందరి సంగతీ నాకు తెలీదు కానీ కొన్ని కథలు అలా తప్ప ముగియవు. సాంగ్ ఆఫ్ అకిలీస్ తీసుకో, 2011లో వచ్చింది, మరుసటేడు ఆరెంజ్ ప్రైజ్ కూడా వచ్చింది. ట్రాయ్ యుద్ధం కథ తెలిసినవాళ్ళకి అకిలీస్ చస్తాడని మొదటి పేజీలోనే తెలుసు, ఐనా మేడలైన్ మిల్లర్ అకిలీస్, వాడు ప్రేమించిన పాత్రోక్లస్, వాళ్ళిద్దరి చిన్నతనం అంత తీరిగ్గా రాశాక ఆ చావు మనింట్లో జరిగినట్టుంటుంది. అది మోసం కాదు. నాకు ఒళ్ళుమండేది ఎక్కడంటే, కథకి అవసరం లేకపోయినా పక్కింటి పాత్రలా ఒక గే కుర్రాణ్ణి పెట్టి, హీరోకి బుద్ధి రావడం కోసం వాణ్ణి యాక్సిడెంట్ చేసే పుస్తకాలు ఉన్నాయి చూడు, అక్కడ మూసి పక్కన పడేస్తా.


మేడమీద_గది:

పిన్నిగారూ ఆ ఆఖరి మాటకి వంద లైకులు.

నేను విజయవాడ. మా ఇంట్లో పుస్తకం అట్ట చూసి ప్రశ్నలు వేసే జనం ఎక్కువ కాబట్టి ఇంగ్లీషువన్నీ కిండిల్‌లో, తెలుగువి మాత్రం పేపర్లో, అదీ క్యాలెండర్ కాగితం అట్ట వేసి. పాతికేళ్ళొచ్చాక కూడా స్కూలు పిల్లాడిలా అట్టలేసుకోవడం ఏంట్రా అని మా అన్నయ్య వెక్కిరిస్తాడు, వాడికేం తెలుసు.

తెలుగులో అని అడిగారు కదా, ఇది ఫిక్షన్ కాదు గానీ చెప్పకుండా ఉండలేను, ఎ. రేవతి రాసిన ఒక హిజ్రా ఆత్మకథ. తమిళంలో రాశారావిడ, నామక్కల్ దగ్గర పల్లెటూరు. వి. గీత ఇంగ్లీషు చేస్తే 2010లో వచ్చింది, పి. సత్యవతి గారు తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, ఆ అనువాదానికే 2019 సాహిత్య అకాడమీ బహుమతి. సత్యవతి గారి వాక్యం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎక్కడా జాలి పుట్టించాలని చూడరు. ఇంటి నుంచి పారిపోవడం, మళ్ళీ ఇంటికే రావడం, అన్నల చేత దెబ్బలు తినడం, అయినా అమ్మానాన్నల దగ్గరికే వెళ్ళడం, ఇది మళ్ళీ మళ్ళీ జరుగుతుంది పుస్తకంలో. నవల అయితే ఎడిటర్ ఒక్కసారి చాలు అని కొట్టేసేవాడేమో, జీవితం కాబట్టి అన్నిసార్లూ ఉంది.

ఫిక్షన్‌లో నా ఫేవరెట్ కోబాల్ట్ బ్లూ, సచిన్ కుండల్కర్ మరాఠీలో రాసింది, 2006. జెరీ పింటో ఇంగ్లీషు చేశాడు 2013లో. పుణెలో ఒక మధ్యతరగతి ఇల్లు, పైగదిలో అద్దెకి దిగిన కుర్రాడు, ఆ ఇంట్లో అన్నా చెల్లెలూ ఇద్దరూ అతన్నే ప్రేమిస్తారు. స్పాయిలర్ ఉంది, వద్దనుకునేవాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి. చెల్లెలు అతనితో వెళ్ళిపోతుంది, మోసపోయి తిరిగొస్తుంది, ఇల్లంతా దాని చుట్టూ చేరి ఏడుస్తుంది, కోప్పడుతుంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది. అన్నకి అంతే నష్టం జరిగింది, కానీ వాడు ఎవరికీ చెప్పలేడు, చెల్లెలి బాధలో సాయం చేసే మంచి అన్నలా తిరగాలి ఇంట్లో. సగం పుస్తకం వాడిది, అంతా ఆ వెళ్ళిపోయినవాడితో నువ్వు నువ్వు అని మాట్లాడుతున్నట్టే ఉంటుంది, మిగతా సగం చెల్లెలి డైరీ. ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో ఒకే మనిషి కోసం రెండు ఏడుపులు, ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు. సినిమా కూడా వచ్చింది 2022లో, ఆయనే తీశాడు, కానీ పుస్తకమే చదవండి ముందు.

నా పద్ధతి పెద్దగా ఏం లేదు. నెలకి మూడు చదివితే గొప్ప నాకు, అందులో ఒకటి ఎప్పుడూ ముందు చదివేసిందే. బరువైన పుస్తకం తర్వాత కొత్తది మొదలుపెట్టను, తెలిసిన పుస్తకంలోకి వెళ్ళిపోతా, అక్కడ ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి నిద్ర పడుతుంది. ఎక్కువసార్లు ఫన్నీ బాయ్‌లో మొదటి కథ దగ్గరికే పోతా. షాం సెల్వదురై, 1994. కొలంబోలో తమిళ కుటుంబం, తాతగారింట్లో ఆదివారం పిల్లలంతా చేరతారు, ఆడపిల్లలతో కలిసి పెళ్ళికూతురు ఆట, ఆర్జీ అనే పిల్లాడు చీర కట్టుకుని పెళ్ళికూతురు. పెద్దవాళ్ళు చూశాక ఇక మగపిల్లలతో క్రికెట్‌కి తోలేస్తారు వాణ్ణి. ఆ పుస్తకం చివరికి 1983లో తమిళుల మీద జరిగిన అల్లర్ల దాకా పోతుంది, అక్కడ మాత్రం మంచి నిద్ర రాదు, ముందే చెప్తున్నా.


కోఠీ_పాతపుస్తకం:

గోదారిగట్టు సార్, లిహాఫ్ మీద గూడ కేసు నడిచింది గద, మీరు రాస్తరనుకున్న. కథ 1942ల వచ్చింది, ఇస్మత్ చుగ్తాయ్‌ను లాహోర్ కోర్టుకు పిలిచిన్రు, తోటి రచయిత మంటో మీద గూడ అప్పుడే ఇంకో కథకు కేసు, ఇద్దరు కల్సి లాహోర్ బజార్ల చెప్పులు కొనుక్కుంట తిరిగిన్రట. గండ్ల బూతు మాట ఏదో చూపియ్యిమంటె ఎవ్వడు చూపియ్యలేకపొయ్యిండు, కేసు పోయింది. ఇంగొకటి విను, ఎవరిని చూసి ఆ బేగం పాత్ర రాసిందో ఆమె కొన్నేండ్లకు ఒక దావత్‌ల ఎదురువడ్డదట. ఇస్మత్‌కు కాళ్ళు వణికినయట. ఆమె వచ్చి దగ్గరికి తీస్కొని, నవాబుకు తలాక్ ఇచ్చి ఇంకో పెండ్లి చేస్కున్న, కొడుకు పుట్టిండు అని సంబురంగ చెప్పిందట. కథల ఏడుపు, బయట సుఖం. రాత్రిచదువక్కా, నీ నోట్‌బుక్‌ల దీనికి ముగింపు ఏమని రాస్తవో రాయి.


గోదారిగట్టు:

ఆ దావత్ సంగతి భలే గుర్తుచేశావయ్యా కోఠీ. మేడమీద_గది గారు చెప్పిన రెండోసారి చదవడం పద్ధతి నాకు నచ్చింది, నేనూ మొదలెడతా.


రాత్రిచదువు:

అందరికీ థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. వచ్చే నెలకి ఇలా అనుకుంటున్నా, మోహనస్వామి రోజుకో కథ చొప్పున, అది అవుతుండగా ద ప్రైస్ ఆఫ్ సాల్ట్, నెలాఖర్లో సత్యవతి గారి అనువాదం. జొవానీస్ రూమ్ మళ్ళీ తియ్యడం మాత్రం ఇప్పుడు కాదు, దసరా సెలవులు వచ్చాక. ఆ అన్నాచెల్లెళ్ళది కూడా అప్పుడే, స్పాయిలర్ వదిలెయ్యమన్నా ఆగలేక చదివేశా కాబట్టి కాస్త మర్చిపోయే టైం కావాలి.

పిన్నిగారూ, హార్ట్‌స్టాపర్ మా చెల్లికి ఇచ్చా నిన్న, అది ఇంటర్. కోఠీ తమ్ముడూ, ఒక హిజ్రా ఆత్మకథ కోఠీ షాపుల్లో ఎక్కడైనా కనపడితే చెప్పు, ఈ ఆదివారం ఎలాగూ అటే వస్తున్నా.


కోఠీ_పాతపుస్తకం:

నా దగ్గర ఒక కాపీ ఉన్నది అక్క, ఇస్త. గని నడుమ పెన్సిల్‌తోని గీతలు గీసి పెట్టిన, ఏమనుకోవద్దు. చదివినంక వాపస్ ఇయ్యాలె, పోయినసారి ఒకాయనకు పుస్తకమిస్తె ఇప్పటికి దిక్కులేదు.